మస్తాన్ చెంపకు తెలిసిన తడి

వ్యవసాయ శాఖలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి పోయినేడు రిటైరయ్యాను. అందులో పద్దెనిమిదేళ్లు ఒక మనిషిని చూసి కుళ్లుకుంటూ గడిపాను. ఆయన నా పైఅధికారి కాదు, నాతో పాటు పరీక్ష రాసి నన్ను దాటిపోయినవాడూ కాదు. రొంపిచెర్ల మండలంలో ఒక పల్లెలో కిరాయికి ట్రాక్టరు తోలే మస్తాన్. చదువు ఏడో తరగతి. నేను వ్యవసాయ విస్తరణాధికారిని, గోడకి పటం కట్టించిన డిగ్రీ ఉన్నవాణ్ని.

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు కొందరు నన్ను అనుభవాలు రాయమన్నారు. ప్రమోషన్లు, బదిలీలు రాస్తే మీకు నిద్రొస్తుంది. ఏ పంటకి ఏ ఎరువో మీ ఫోన్లోనే ఉంటుంది. ఫోన్లో లేనిది ఒకటుంది, అదే రాస్తాను. మనకంటే బాగా తెలిసినవాడు, మన కుర్చీ లేనివాడు, మన పక్కనే ఉంటే మన బుద్ధి ఎటు పోతుందనే సంగతి. నా బుద్ధి పోయిన దారిలో దీనమ్మ అనే ఒకావిడ కౌలు చేను పోయింది. చదివి నన్ను తిట్టుకున్నా పర్లేదు, చదవండి.

"సార్, ఇప్పుడు దున్నొచ్చా?"

విత్తనాలు, పురుగుమందులు, పంట నష్టాలు, వీటి గురించే రైతులు అడుగుతారని నేను అనుకుని వచ్చాను. నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న వేరు. పంట కోసేశారు, చేలో మోళ్లు నిలబడి ఉన్నాయి, వాన లేదు, నేల ఆరిపోతోంది. "సార్, ఇప్పుడు దున్నొచ్చా? దేంతో దున్నాలి?"

మనది నల్లరేగడి. తడి మీద దున్నితే ఇటుకలు పోసినట్టు బిగుస్తుంది. పూర్తిగా ఎండినాక దున్నితే కుండంత బెడ్డలు లేస్తాయి. ఈ రెంటికీ మధ్య పదును ఉండేది నాలుగైదు రోజులు. ఆ రోజులు దాటిపోయాక వచ్చి అడుగుతారు, అక్కడే ఉంది తంటా. అప్పుడు ముందున్న దారులు మూడే. రెక్కల నాగలితో లోతుగా తిరగెయ్యడం, రోటావేటరుతో పొడిచెయ్యడం, లేదా బ్లేడు గుంటకతో పైపైన మోళ్లు కోసి అడుగు నేలని కదపకుండా వదిలెయ్యడం.

ఎండాకాలంలో అయితే లోతు దుక్కి మంచిదే. బెడ్డలు ఎండకి కాగుతాయి, గరిక చస్తుంది, తొలకరికి బెడ్డలు వాటంతట అవే విచ్చుకుంటాయి. అదే పని భాద్రపదంలో, వారం పది రోజుల్లో శనగ చల్లబోయే చేలో చేస్తే చేను కాటికే. శనగకి వాన అక్కర్లేదు, అడుగున దాగిన తడి చాలు. ఆ తడిని తవ్వి ఎండలో ఆరబోశాక ఇక విత్తనం ఏం తాగి మొలుస్తుంది? రోటావేటరు ఇంకా మోసం చేస్తుంది. పైన పిండిలా కనిపిస్తే రైతు మురిసిపోతాడు. కిందటి బెడ్డలు అలాగే ఉంటాయి. నూజెండ్లలో ఉద్యోగం చేసినప్పుడు అలా మురిసినవాళ్లని చానామందిని చూశాను.

నా మొదటి పైఅధికారి ఒకావిడ. జీపు దిగగానే చెప్పులు విడిచి చేలోకి నడిచేది. నేను డైరీలో పద్నాలుగు మంది రైతుల చేత దుక్కులు చేయించానని గొప్పగా రాసుకుని చూపించాను.

"ఎంతమందిని దున్నొద్దని ఆపావు?" అంది.

"ఎవర్నీ ఆపలేదు మేడం."

"అయితే నువ్వింకా ఉద్యోగంలో చేరలేదయ్యా," అని డైరీ నా చేతిలో పెట్టింది.

ఈ మాట మీరు రాసి పెట్టుకోండి. నేను రాసుకున్నాను, పాటించలేదు.

చెంప

మస్తాన్ వాళ్లది నరసరావుపేటలో మెకానిక్కుల కుటుంబం. పెళ్లయ్యాక అత్తగారి ఊరికి వచ్చి పాత ట్రాక్టరు ఒకటి కొని బాగుచేసుకుని తోలుకునేవాడు. నేను ఆ ఊళ్లో పెట్టిన మొదటి రైతు సదస్సు నాకు బాగా గుర్తు. బడి ముందు టెంటు వేయించి, ఫ్లెక్సీ కట్టించి, గంటసేపు మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. చివర్లో ముందు వరసలోని పెద్దాయన లేచి, "సారు చానా బాగా చెప్పారు. ఎందుకైనా మంచిది, మస్తాన్ని కూడా ఒక మాట అడుగుదాం," అన్నాడు. అందరూ తలలూపారు. నా కుళ్లు పుట్టింది ఆ నిమిషంలోనే.

మర్నాడు ఆయన పని చూద్దామని చేలోకి వెళ్లాను. ముందు ఒక మోడు పట్టుకుని పీకాడు. అది మెడ దగ్గర పుటుక్కున తెగింది. గునపంతో జానెడు లోతు తవ్వి, అడుగు నుంచి గుప్పెడు మట్టి తీసి, కళ్లు మూసుకుని చెంపకి ఆనించుకున్నాడు. పిల్లకి జ్వరం వచ్చిందేమో చూసే తల్లిలా అలా నిలబడ్డాడు.

"ఏందయ్యా అది?" అన్నాను.

"చేతులు డీజిలూ గ్రీజూ తిని కాయలు కాసినయ్ సార్. స్పానర్ వేడెక్కినా తెలీదు నా చేతికి. చెంపకైతే తెలుస్తది. సల్లగా ఉంటే అడుగున పానం ఉన్నట్టు."

నేను నవ్వాను. ఆఫీసుకి వచ్చి అందరికీ చెప్పి నవ్వించాను కూడా. ఆ ఆదివారం మా పెరట్లో జానెడు గొయ్యి తీసి, మట్టి చెంపకి ఆనించుకుని నిలబడ్డాను. నాకేమీ తెలియలేదు. మా ఆవిడ వంటింటి కిటికీలోంచి చూసి, "పన్ను నొప్పా?" అంది.

కొన్నాళ్లకి మాకు నేల తడి కొలిచే యంత్రం ఇచ్చారు. ఇక మస్తాన్ పని అయిపోయిందనుకున్నాను. నేను యంత్రం గుచ్చితే అంకె వచ్చేది, రైతులు గౌరవంగా వినేవారు, వెనక్కి తిరిగి మస్తాన్ మొహం చూసేవారు. ఎప్పుడు గుచ్చినా యంత్రం ఆయన చెప్పిందే చెప్పేది. ఒక్కసారైనా తేడా వస్తే బాగుండునని, తేడా వస్తే రైతుకి నష్టమని తెలిసి కూడా, నేను కోరుకున్నాను. ఇది నేనెవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను.

మనిషిగా నాతో ఎప్పుడూ పెడసరంగా మాట్లాడింది లేదు. రంజాన్‌కి సేమ్యా పంపేవాడు. తినేవాణ్ని, అది రుచిగా ఉన్నందుకు కూడా ఒళ్లు మండేది.

దీనమ్మ చేను

రిటైర్మెంటుకి ఆరేళ్ల ముందు సంగతి. దీనమ్మకి యాభై దగ్గరుంటాయి. భర్త పోయాక ఒక ఆసామి చేను మూడెకరాలు కౌలుకి చేసుకునేది. ముందటేడు వానల్లేక రెండో పంట వెయ్యలేకపోయింది. ఆసామి గట్టిగా చెప్పేశాడు, ఈసారి కూడా చేను బీడు పడితే వేరేవాళ్లకి ఇచ్చేస్తానని. ఆమెకి అదొక్కటే ఆధారం. మొక్కజొన్న కోసేసి, మోళ్లు నిలబడ్డ చేలో శనగ ఎలా మొలిపించాలా అని ఆఫీసుకి వచ్చింది.

సరిగ్గా అప్పుడే మా ఆఫీసుకి కొత్త రెక్కల నాగలి వచ్చి ఉంది. ఎర్ర రంగుతో మెరిసిపోతూ ఆఫీసు గోడకి ఆనించి ఉండేది. అప్పటికి వచ్చిన పైఅధికారికి చేను కన్నా ఫోటో ముఖ్యం. లోతు దుక్కి ప్రదర్శన ఒకటి చూపించమని రోజూ ఫోను చేస్తున్నాడు. మండలంలో ఆ నాగలిని లాగగల పెద్ద బండి మస్తాన్ ఒక్కడికే ఉంది, అప్పటికి పాతది మార్చి కొత్తది తీసుకున్నాడు.

"మీ చేలో మేమే ఉచితంగా దున్నిస్తాం దీనమ్మా," అన్నాను.

"మంచిది సార్. మస్తానన్నని ఒక మాట అడిగి దున్నించండి," అంది.

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఏం చేసేవాణ్నో తెలియదు. అంది కాబట్టి మాత్రం ఇక ఆగలేకపోయాను.

మర్నాడు దీనమ్మ పక్క ఊరికి కూలికి వెళ్లింది. ఊరంతా ఎవరి పనుల్లో వాళ్లున్న వేళ, మస్తాన్ బండికి నాగలి కట్టించి పంపి వెనకే చేలోకి వెళ్లాను. మస్తాన్ అప్పటికే వచ్చి, మట్టి తీసి చెంపకి పెట్టుకుని చూశాడు.

"సార్, ఈ నాగలి వద్దు. అడుగున తడి బానే ఉంది. గుంటక ఒక్కసారి తోలి వదిలేద్దాం. మోళ్లు తెగుతయ్, పైన నెర్రెలు పూడతయ్, తడి అడుగునే ఉంటది. వారంలో శనగ ఏసుకుంటది."

అక్షరం పొల్లుపోకుండా అదే నేనూ చెప్పాల్సింది. నా పుస్తకంలోనూ అదే ఉంది. వచ్చే దారిలో నా మనసులో ఉన్నదీ అదే. ఆయన నోటి నుంచి ముందు వచ్చింది కాబట్టి అది నాకు పనికిరాకుండా పోయింది.

"నువ్వు డ్రైవరువా, ఆఫీసరువా?" అన్నాను.

ఆయన చెంప మీద మట్టి తుడుచుకున్నాడు. "ఆమె కౌలు సార్ ఇది. పోయిందంటే మళ్లీ దొరకదు."

"తెలుసు. తోలు."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లంటారు. నేను ఆ నాలుగో కాలు కూడా చూశాను, చూసి కూడా మూడే అన్నాను. మస్తాన్ బండెక్కాడు. మూడెకరాలూ తిరగేశాడు. చేను నిండా బెడ్డలు. అడుగు మట్టి నల్లగా, తడిగా పైకి వచ్చింది. సాయంత్రానికి బూడిద రంగుకి తిరిగింది. మూడు రోజుల ఎండకి రాయయింది. నేను కంగారుపడి రోటావేటరు తిప్పించాను. పైకి బాగా కనిపించింది, పైఅధికారికి ఫోటో కూడా పంపాను.

శనగ చల్లాక పది రోజులకి వెళ్లి చూశాను. అక్కడొకటి ఇక్కడొకటి మొలిచాయి. గట్టు అవతల చేలో మస్తాన్ గుంటక తోలి వదిలినచోట పచ్చటి సాళ్లు తీర్చి దిద్దినట్టు ఉన్నాయి. దీనమ్మ గట్టు మీద కూర్చుని ఆ సాళ్లనే చూస్తోంది. ప్రదర్శన బోర్డు మా స్టోరులోనే ఉంది, ఇక దాన్ని పాతించలేదు.

టీ కొట్టు

ఆ వారం బస్టాండు దగ్గర టీ తాగుతుంటే ఊరివాళ్లు నలుగురైదుగురు చేరారు.

"మస్తాన్‌కి వయసైపోయింది రా. దీనమ్మ చేను నాశనం చేశాడు," అన్నాడు ఒకడు.

"చెంప ముదిరిపోయింది. తడి తెలవట్లా ఇంక," అన్నాడు ఇంకొకడు. "ఏమంటారు సార్?"

గ్లాసులో ఇంకా సగం టీ ఉంది. నోరు తెరిస్తే ఒక్క వాక్యం. "దున్నమన్నది నేను." అంతే. నాకు ఎదురుగా ఆ మాట ఉంది, దాని పక్కన పన్నెండేళ్లలో మొదటిసారిగా మస్తాన్ తప్పు అని వినడంలోని తీపి ఉంది. నేను తీపి వైపే వెళ్లాను.

"అనుభవం ఒక్కటే సరిపోదు కదా," అన్నాను. మిగిలిన టీ తాగి గ్లాసు పెట్టి వచ్చేశాను.

ఆ తర్వాత ఊళ్లోవాళ్లు వరసగా నా దగ్గరికి వచ్చారు. ఏం దున్నాలి, ఎప్పుడు దున్నాలి అని అడిగారు. నేను చెప్పింది తలూపుతూ విన్నారు. ఇన్నేళ్లకి నా కుర్చీకి విలువ వచ్చిందనుకున్నాను. నా ఉద్యోగంలో అంత సంతోషంగా గడిచిన ఏడు ఇంకోటి లేదు. సిగ్గు లేకుండా ఉన్నమాట రాస్తున్నాను.

దీనమ్మ కౌలు పోయింది. ఆసామి తన మాట ప్రకారం చేను వేరేవాళ్లకి ఇచ్చేశాడు. ఆమె మిరపకాయల కోతలకి కూలికి పోవడం మొదలుపెట్టింది. దారిలో ఆటోలో కనిపిస్తే నేను ఫోను చూసుకునేవాణ్ని.

షెడ్డులో

రెండు మూడు నెలలకి ఇక ఉండబట్టలేక మస్తాన్ షెడ్డుకి వెళ్లాను. బండి కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ కాళ్లతో మాట్లాడటం తేలికనిపించింది.

"నేను దున్నమన్నానని ఊళ్లో ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

స్పానరు చప్పుడు ఆగింది. "చెప్తే ఏమొస్తది సార్?"

"నీ పేరు పోయింది కదా."

"నా పేరు నా బండితో ఉంటది. వచ్చే ఏడు దున్నితే మళ్లీ వస్తది. మీ మాట పోతే మళ్లీ రాదు. ఆఫీసరు మాట పోయిందంటే ఊరికి ఇంక మందుల కొట్టోడి మాటే మిగుల్తది. అది మంచిది కాదు." మళ్లీ బిగించడం మొదలుపెట్టాడు. "బండి తోలింది మాత్రం నేనే గదా సార్. మీరు తోలమన్నా, దిగి పోయి ఉండొచ్చు. దిగలా. అది నా తప్పు."

ఇంటికి వచ్చేదాకా నాకు ఏడుపు రాలేదు, సిగ్గు కూడా రాలేదు. వచ్చింది ఒక్కటే. మట్టి సంగతిలోనే కాదు, దీంట్లో కూడా వీడు నాకంటే ముందున్నాడే అనే మంట. కుళ్లు అంత నీచంగా ఉంటుంది. ఎదుటివాడు మనల్ని కాపాడినా అది ఊరుకోదు.

శాలువా

సెప్టెంబరు ఆఖరున నా రిటైర్మెంటు సభ జరిగింది. మైకు ముందుకి వెళ్లేటప్పుడు దీనమ్మ చేను సంగతి చెప్పేద్దామనుకున్నాను. లేచాక పైఅధికారులకి కృతజ్ఞతలు చెప్పాను, శాలువా కప్పించుకున్నాను, కూర్చున్నాను. చివరి వరసలో దీనమ్మ కనిపించింది. నా సభకే వచ్చిందనుకున్నాను. సభ అయిపోగానే తిన్నగా ఆమె దగ్గరికే వెళ్లాను.

"అమ్మా, ఆరేళ్ల కింద మీ చేను... మస్తాన్ వద్దన్నాడు. నేనే దున్నించాను."

"తెలుసు సార్," అంది.

"మస్తాన్ చెప్పాడా?"

"ఆయనెందుకు చెప్తాడు? దున్నిస్తామని నాతో అన్నది మీరే గదా. చేలో లేచిన బెడ్డలు చూడలేదా మేం? మస్తానన్న దగ్గర గొర్రూ గుంటకా తప్ప రెక్కల నాగలి యాడుంది? ఆ ఎర్ర నాగలి మీ ఆఫీసు గోడకి ఉండేది. ఊరంతా చూసిందే గదా."

"మరి టీ కొట్టు దగ్గర మస్తాన్ని తిట్టారే?"

"మీరు నోరు తెరుస్తారేమోనని అన్నార్లే సార్. టీ తాగి ఎల్లిపోయారంట గదా."

"ఆ ఏడంతా నా దగ్గరికే వచ్చి అడిగారు కదమ్మా."

"సబ్సిడీ విత్తనాలకి మీ సంతకం కావాలి గదా. అందుకని అడిగారు. ఎవురన్నా మీరు చెప్పినట్టు దున్నారేమో ఒక్కసారి గుర్తు చేసుకోండి."

గుర్తు చేసుకున్నాను. ఒక్క చేను కూడా గుర్తు రాలేదు.

"అయిదేళ్లు మిరపకాయలు కోశా సార్. పొద్దున వంగితే సాయంత్రం దాకా లేచేది లేదు. మీ మీద కోపం లేదని అనను, ఉంది," అంది. ఆమె చేతిలో పాలిథీన్ కవరు ఒకటి ముడేసి ఉంది. "ఈ ఏడు మళ్లీ రెండెకరాలు కౌలుకి దొరికినయ్. మొక్కజొన్న మోళ్లు నిలబడున్నయ్, వాన జాడ లేదు. మస్తానన్న మీ సభకి వస్తున్నాడని తెలిసి, అడిగి పోదామని వచ్చా."

నా సభకి ఆమె వచ్చింది అందుకని.

మస్తాన్ బయట రేకుల కింద నిలబడి ఉన్నాడు. చుట్టూ అప్పటికే నలుగురు రైతులు. దీనమ్మ కవరు ముడి విప్పి మట్టి ఇచ్చింది. ఆయన కళ్లు మూసుకుని చెంపకి ఆనించుకున్నాడు. లోపల నేను మాట్లాడినప్పుడు అంత నిశ్శబ్దం లేదు. శాలువా చేత్తో పట్టుకుని నేనూ వాళ్ల వెనక నిలబడ్డాను. పాత కుళ్లు ఎప్పటిలాగే లేచింది, రిటైర్మెంటు నాకే గానీ దానికి కాదు.

మస్తాన్ కళ్లు తెరిచి నన్ను చూశాడు. మట్టిని నా చేతిలో పెట్టాడు.

"సార్ ఉన్నారుగా. సార్ చెప్తారు."

మట్టి చల్లగా ఉంది. ఈసారి నాకూ తెలిసింది.

"గుంటక," అన్నాను. "ఒక్కసారి, పైపైన. అడుగు కదపొద్దు."

అందరూ తలలు తిప్పి మస్తాన్ మొహం చూశారు. ఆయన అవునన్నట్టు తలూపాడు. అప్పుడు దీనమ్మ నా చేతిలోని మట్టిని మళ్లీ కవర్లో వేసి ముడేసుకుని చేనికి బయల్దేరింది.